సైకిల్ మీద కొండలు దిగినవాళ్లకి డర్ట్ బైక్ ఎంత పాత, ఎంత కొత్త?

మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) మీద ఏళ్ల తరబడి రాళ్లదారుల్లో తిరిగినవాళ్లకి మట్టిదారుల మోటార్‌సైకిల్ అయిన డర్ట్ బైక్‌ని చూడగానే ఇది మనకి తెలిసిన బండే అనిపిస్తుంది. మట్టిని కరిచే టైర్లు, పొడవాటి ఫోర్కులు, వెడల్పాటి హ్యాండిల్, అదే మట్టి, అవే మలుపులు. నాకూ అలాగే అనిపించింది. మొదటి రోజే ఒక చిన్న దిగుడులో వేగం తగ్గిద్దామని ఎడమచేతి లివర్ నొక్కాను, ఎందుకంటే పదేళ్లుగా ఆ చెయ్యి చేస్తున్న పని అదే. బండి మీద ఆ లివర్ బ్రేక్ కాదు, క్లచ్. నొక్కగానే ఇంజిన్‌కీ చక్రానికీ లంకె తెగిపోయి, బండి ఆగకపోగా ఇంకా జోరందుకుంది. కింద మెత్తటి ఇసుక ఉండటంతో దెబ్బ తగల్లేదు కానీ, ఆ రెండు సెకన్లలో ఒక సంగతి అర్థమైంది. సైకిల్ మనకి నేర్పినదాంట్లో కొంత బండి మీద ఆస్తిగా వస్తుంది, కొంత అప్పుగా వస్తుంది.

దీని మీద రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. "సైకిల్ వచ్చు కదా, రెండు గంటల్లో వచ్చేస్తుంది" అనేది ఒకటి. "సైకిల్ అలవాట్లన్నీ పక్కనపెట్టి మొదటినుంచి నేర్చుకోవాల్సిందే" అనేది రెండోది. చూపు, నిలబడే తీరు, దారిని చదవడం గురించి మాట్లాడేటప్పుడు మొదటివాళ్లది నిజం. చేతివేళ్లు, బరువు, వేగం దగ్గరికి వచ్చేసరికి రెండోవాళ్లది నిజం.

## ముందు పేర్లు: ఆఫ్‌రోడ్ బండి అంటే ఏ బండి

మోటోక్రాస్ బండి ట్రాక్ కోసం చేసింది. లైట్లుండవు, సస్పెన్షన్ పెద్ద జంప్‌లకి తగ్గట్టు గట్టిగా ఉంటుంది. ఎండ్యూరో బండి చూడటానికి దాదాపు అలాగే ఉన్నా అడవి దారుల కోసం చేసింది. సస్పెన్షన్ మెత్తగా, గేర్ల మధ్య తేడా ఎక్కువగా, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాల చక్రం. 250 సీసీ తరగతిలో దీని బరువు సుమారు 105 నుంచి 115 కిలోలు. డ్యూయల్ స్పోర్ట్ అంటే రోడ్డు మీద కూడా చట్టప్రకారం తిరగగల మట్టిబండి, బరువు 130 నుంచి 150 దాకా వెళ్తుంది. అడ్వెంచర్ బండ్లు చాలావరకు 200 కిలోలు దాటుతాయి, వాటితో మట్టిరోడ్లు హాయిగా వెళ్లొచ్చు కానీ ఇరుకు దారిలో పడితే ఒక్కరే లేపడం గగనం.

ఎండ్యూరో అన్న మాట మౌంటెన్ బైకర్లకి బాగా తెలుసు, అయితే అది మనవాళ్లు మోటార్‌సైకిల్ వాళ్ల దగ్గర తెచ్చుకున్నదే. పోటీ దారిలో కొన్ని ముక్కలకి మాత్రం గడియారం పెట్టి, మధ్య దారిని లెక్కలో వేయకుండా నడిపే పద్ధతి వాళ్లది. ఆ తరహా పోటీల్లో అతి పాతవాటిలో ఒకటి, ఇప్పుడు ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరో అని పిలిచేది, 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో మొదలైంది. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి సైకిళ్లకి సస్పెన్షన్ ఫోర్క్ తెచ్చిన పాల్ టర్నర్, స్టీవ్ సైమన్స్ కూడా మోటార్‌సైకిల్ రంగం నుంచి వచ్చినవాళ్లే. కాబట్టి ఈ రెండు లోకాల మధ్య చుట్టరికం పాతదే.

## అసలు తేడా: వేగం ఇక్కడ ఊరికే వస్తుంది

సైకిల్ మీద మన కాళ్లే ఒక కనిపించని బ్రేకు. ఎక్కుడులో గంటకి 7, 8 కిలోమీటర్లు దాటలేం, అలసిపోతే దానంతటదే నెమ్మదిస్తుంది. అందుకే మౌంటెన్ బైకర్ బుర్రలో ప్రమాదం అంటే దిగుడు, ఎక్కుడు అంటే కష్టం మాత్రమే. బండి ఈ లెక్కని తలకిందులు చేస్తుంది.

బాగా సాధన ఉన్న మనిషి గంటసేపు ఆపకుండా 250 వాట్ల శక్తి పెట్టగలడు అనుకుందాం. 30 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే సుమారు 22,000 వాట్లు, దాదాపు 90 మంది అలాంటివాళ్లతో సమానం. అదంతా కుడిచేతి మణికట్టు ఒక్క తిప్పులో ఉంటుంది.

ఇప్పుడు పడితే ఏమవుతుందో చూద్దాం. 75 కిలోల మనిషి, 15 కిలోల సైకిల్, మొత్తం 90 కిలోలు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే కదలికలో ఉన్న శక్తి సుమారు 1,400 జౌల్స్. అదే మనిషి 10 కిలోల సామాగ్రి వేసుకుని 115 కిలోల బండి మీద, అంటే మొత్తం 200 కిలోలతో, గంటకి 40లో వెళ్తుంటే అది సుమారు 12,300 జౌల్స్. బరువు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువైంది, వేగం సరిగ్గా రెట్టింపైంది, శక్తి మాత్రం దాదాపు 9 రెట్లు అయింది, ఎందుకంటే వేగం ఈ లెక్కలో వర్గంగా పెరుగుతుంది. మట్టి బండి మీద 40 అంటే ఏమంత వేగం అనిపించదు. సైకిల్ మీద 20లో వచ్చే గాలి, భయం ఇక్కడ 40లో కూడా రావు, ఎందుకంటే సస్పెన్షన్ దాదాపు 300 మిల్లీమీటర్లు కదులుతూ రాళ్లన్నీ మింగేస్తుంది. మన లోపలి మీటరు సైకిల్‌కి సెట్ చేసి ఉంది, బండి మీద అది తక్కువ చూపిస్తుంది.

## చేతులు, కాళ్లు: ఏ లివర్ ఏం చేస్తుంది

బండి మీద కుడిచేతి లివర్ ముందు బ్రేకు, కుడిపాదం కింద వెనక బ్రేకు, ఎడమచేతిలో క్లచ్, ఎడమపాదం దగ్గర గేర్లు. గేర్లు మామూలుగా కిందికి నొక్కితే మొదటిది, పైకి ఎత్తుతుంటే న్యూట్రల్ దాటి రెండు, మూడు అలా. సైకిళ్లలో ఇది దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో, యూరప్‌లో చాలాచోట్ల ముందు బ్రేకు ఎడమచేతికి ఉంటుంది, బ్రిటన్‌లో, ఇండియాలో, ఆస్ట్రేలియాలో కుడిచేతికి. రెండో రకం వాళ్లకి కుడిచెయ్యి అలవాటు బండికి సరిగ్గా సరిపోతుంది, మొదటి రకం వాళ్లకి రెండు చేతులూ మోసం చేస్తాయి. అయితే ఎవరికైనా ఎడమచేతి సమస్య తప్పదు, సైకిల్ మీద ఎడమచెయ్యి ఏదో ఒక బ్రేకు పడుతూనే ఉంటుంది కదా.

క్లచ్ అంటే ఇంజిన్‌నీ వెనక చక్రాన్నీ కలిపే, విడదీసే పలకల కట్ట. పూర్తిగా నొక్కితే విడిపోతాయి, పూర్తిగా వదిలితే అంటుకుంటాయి. ఈ రెంటి మధ్య పలకలు ఒకదానిమీద ఒకటి జారుతూ కొంచెం కొంచెం శక్తిని పంపే చోటు ఒకటుంటుంది, మట్టిబండి నడపడంలో సగం కళ అక్కడే ఉంది. రాయి ఎక్కేటప్పుడు, ఇరుకు మలుపులో, బురదలో యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి ఒక్క వేలితో క్లచ్‌ని ఆడిస్తుంటారు. మట్టిబండ్ల క్లచ్‌లు ఎక్కువగా ఆయిల్‌లో తడిసి పనిచేసేవి కాబట్టి ఈ జారుడుని చాలాసేపు తట్టుకుంటాయి. సైకిల్‌లో దీనికి సమానమైనది లేదు. దగ్గరగా వచ్చేది, నిలబడి ఒక్కో పెడల్ అరచుట్టు మాత్రమే వేస్తూ రాయి ఎక్కడం.

రెండో కొత్త విషయం యాక్సిలరేటర్, ఇది మరింత ప్రమాదకరం. బండి అనుకోకుండా ముందుకి దూకితే శరీరం వెనక్కి వెళ్తుంది, చేతులు సాగుతాయి, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్న కుడి మణికట్టు కిందికి వంగుతుంది, దాంతో యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. భయపడినకొద్దీ బండి వేగం పెరిగే ఈ విష వలయాన్ని విస్కీ థ్రాటిల్ అంటారు. సైకిల్ మీద హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటే చేతులు నొప్పి పుడతాయి అంతే, వేగం పెరగదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మోచేయి పైకెత్తి, తలుపు గుండ్రటి పిడిని పట్టుకున్నట్టు కాస్త బయటివైపు నుంచి పట్టు తీసుకుంటారు. అలా పట్టుకుంటే శరీరం వెనక్కి పోయినా మణికట్టు తిరగడానికి చోటుండదు. ఒక వేలు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచడం కూడా ఇందుకే, ఏదైనా తేడా వస్తే నొక్కగానే శక్తి తెగిపోతుంది.

అంటే అదే క్లచ్ ఎక్కుడులో కాపాడుతుంది, దిగుడులో ముంచుతుంది. దిగేటప్పుడు మొదటి లేదా రెండో గేర్‌లో క్లచ్ వదిలేసి ఉంటే ఇంజిన్ తానే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. సైకిల్‌కి ఈ ఇంజిన్ బ్రేకింగ్ లేదు, వదిలేస్తే చక్రం తిరిగిపోతుంది. నా మొదటిరోజు పొరపాటు సరిగ్గా ఇదే.

## సైకిల్ నుంచి నేరుగా వచ్చేవి

ముందు చక్రం దగ్గర కాకుండా దూరంగా చూడటం, నడుము దగ్గర వంగి మోకాళ్లు, మోచేతులు వదులుగా ఉంచి నిలబడటం, మలుపులో బండిని కిందికి వాల్చి శరీరాన్ని నిటారుగా ఉంచడం, ఒక వేలితో ముందు బ్రేకుని మెల్లగా పట్టడం. ఇవన్నీ బండి మీద మొదటిసారి ఎక్కేవాళ్లకి నెలలు పడతాయి, మౌంటెన్ బైకర్‌కి అప్పటికే ఒంట్లో ఉంటాయి. తడిరాయి ఎలా ఉంటుందో, వేరుని ఏ కోణంలో దాటాలో విడిగా చెప్పక్కర్లేదు.

కొన్ని కాస్త మారతాయి. సైకిల్ పెడళ్లు ఒకటి ముందు ఒకటి వెనక ఉంటాయి, బండి ఫుట్‌రెస్టులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నిలబడితే ముందుకీ వెనక్కీ ఊగే శరీరాన్ని ఆపేది మోకాళ్లతో ట్యాంకుని పట్టుకునే పట్టే. అది లేకపోతే భారమంతా చేతుల మీద పడి ముంజేతులు బిగుసుకుపోతాయి. ఇరుకు మలుపుల్లో సీటు ముందుభాగంలో కూర్చుని లోపలి కాలు ముందుకి చాపడం ఇక్కడ మామూలే. గాలిలోకి సైకిల్‌ని లాగే పద్ధతి మాత్రం 110 కిలోల దగ్గర పనిచేయదు, ముందు చక్రం లేపాలంటే క్లచ్, యాక్సిలరేటరే.

సెట్టింగుల దగ్గర మనవాళ్లకి పెద్ద సౌలభ్యం ఉంది. మనం ఎక్కి కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత దిగాలి అన్న లెక్క రెండింటిలో ఒకటే. సస్పెన్షన్ 150 మిల్లీమీటర్లు కదిలే సైకిల్‌లో సుమారు 45, 300 మిల్లీమీటర్ల బండి వెనక సుమారు 100, అంటే మూడో వంతుకి అటూ ఇటూ. టైర్లలో గాలి మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. సైకిల్‌లో 20 నుంచి 28 పీఎస్ఐ పెట్టేవాళ్లు ఇంత బరువైన బండికి ఇంకా ఎక్కువ ఉండాలి అనుకుంటారు. దారిబండ్లలో, అంటే అడవి దారుల బండ్లలో, నిజానికి 12 నుంచి 15 చాలు, టైర్ లావుగా, గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి. ఇంత తక్కువ గాలిలో ఇంజిన్ లాగుడికి టైర్ రిమ్ మీద జారి ట్యూబ్ వాల్వ్ తెగిపోకుండా రిమ్‌లాక్ అనే బిగింపు పెడతారు.

చైన్ గురించి ఒక్క మాట. సైకిల్‌లో వదులు చైన్‌ని గేర్లు మార్చే డిరైలర్ లాగి పట్టుకుంటుంది, బండికి అది లేదు. వెనక చక్రం పైకీ కిందికీ కదిలేకొద్దీ ముందు, వెనక పళ్లచక్రాల మధ్య దూరం మారుతుంది కాబట్టి చైన్ ఖాళీగా ఉన్నప్పుడు కాస్త వేలాడుతున్నట్టే ఉండాలి. చూడటానికి వదులుగా ఉందని బిగిస్తే, సస్పెన్షన్ దిగినప్పుడు చైన్ లాగుకుపోయి గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద భారం పడుతుంది. మన కంటికి తప్పుగా కనిపించేది ఇక్కడ ఒప్పు.

## ఎక్కుడు మధ్యలో ఆగిపోతే: ఒక ఉదాహరణ

100 మీటర్లు నడిస్తే 30 మీటర్లు ఎత్తు పెరిగే గుట్ట అనుకోండి. సైకిల్ ఆగిపోతే దిగి పక్కన నిలబడతాం. 15 కిలోల సైకిల్‌ని ఆ వాలు సుమారు 4 కిలోల బరువంత బలంతో కిందికి లాగుతుంది, ఒక చేత్తో ఆపొచ్చు. 110 కిలోల బండిని అదే వాలు సుమారు 32 కిలోలంత బలంతో లాగుతుంది.

బండి ఆగిపోయిన క్షణంలో సైకిల్ అలవాటు రెండు చేతుల్లోని లివర్లూ నొక్కమంటుంది. అంటే ముందు బ్రేకు, క్లచ్. క్లచ్ నొక్కితే వెనక చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, ఇంత వాలులో బరువంతా వెనక ఉంటుంది కాబట్టి ముందు చక్రం లాక్ అయినా జారిపోతుంది, బండి వెనక్కి పోతుంది. దీనికి విరుగుడు వినడానికి వింతగా ఉంటుంది: ఇంజిన్ ఆగిపోనివ్వడం, గేర్‌లోనే ఉంచి క్లచ్ వదిలేయడం. ఇంజిన్ కంప్రెషన్ వెనక చక్రాన్ని పార్కింగ్ బ్రేకులా పట్టుకుంటుంది, ఫోర్ స్ట్రోక్‌లో గట్టిగా, టూ స్ట్రోక్‌లో కాస్త తక్కువగా. ఎడమకాలు కింద పెడితే కుడికాలు వెనక బ్రేకు మీద ఉండొచ్చు.

తర్వాత దిగి, గుట్ట ఎగువవైపు నిలబడి, బండిని ఎగువవైపుకే వాల్చి, క్లచ్‌ని బ్రేకులా కొద్దికొద్దిగా వదులుతూ వెనక చక్రాన్ని అడ్డంగా తిప్పుతారు. దిగువవైపు నిలబడితే బండి మన మీదికే వస్తుంది. ఇది చదివితే వచ్చేది కాదు, అందుకే చిన్న వాలులో కావాలని ఆగి, తిప్పి, దిగడం ట్రిప్‌కి ముందే చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ మొదటి గుట్ట దగ్గరే తేడా తెలిసిపోతుంది. పడిన బండిని లేపడం కూడా అంతే. మౌంటెన్ బైకర్ గుండె, ఊపిరితిత్తులు ఈ పనికి సిద్ధంగానే ఉంటాయి, నడుము, భుజాలు తరచుగా ఉండవు. పదోసారి లేపేటప్పుడు వచ్చే అలసట తొక్కడం వల్ల వచ్చే అలసటలా ఉండదు.

## ఉన్న సామాగ్రిలో ఏది పనికొస్తుంది

గ్లవ్స్, గాగుల్స్, నీళ్ల సంచి అలాగే వాడుకోవచ్చు. హెల్మెట్ దగ్గర వాదన ఉంది. డౌన్‌హిల్ ఫుల్‌ఫేస్, అంటే నిటారు దిగుళ్ల కోసం గడ్డం దాకా కప్పే సైకిల్ హెల్మెట్, తేలిగ్గా, గాలి ఆడుతూ ఉంటుంది, తక్కువ వేగం దారికి అది చాలదా అని అడుగుతారు. ప్రమాణాలు చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు సైకిల్ హెల్మెట్లకి వాడే యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో చదునైన ఇనుపదిమ్మె మీదికి సెకనుకి 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. మోటార్ హెల్మెట్ల ఈసీఈ 22.05లో అది 7.5 మీటర్లు, శక్తి లెక్కలో దాదాపు రెట్టింపు. దాని తర్వాత వచ్చిన 22.06లో 8.2 మీటర్ల పరీక్షతోపాటు తల మెలితిరిగే బలాల పరీక్ష కూడా చేర్చారు. డౌన్‌హిల్ హెల్మెట్లకి ఏఎస్‌టీఎం ఎఫ్1952 అనే విడి ప్రమాణం ఉంది, గడ్డం భాగాన్ని కూడా పరీక్షిస్తుంది, కానీ అదీ సైకిల్ ప్రమాణమే. తొమ్మిది రెట్ల శక్తి లెక్క గుర్తుంటే ఈ వాదన నాకైతే అక్కడితో తేలిపోతుంది.

బూట్ల విషయంలో వాదనే లేదు. సైకిల్ బూట్లు చాలావరకు చీలమండని కప్పవు. బండి పక్కకి పడితే పాదం దాని కింద చిక్కుకోవడం, రాయికీ ఫుట్‌రెస్టుకీ మధ్య నలగడం, సైలెన్సర్ పైపు తగిలి పిక్క కాలడం ఇవన్నీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడే జరుగుతాయి. గట్టి మోటోక్రాస్ బూట్లు వేసుకుంటే గేర్ లివర్ పాదానికి తెలియదు, మొదటి రెండు రోజులు అదొక చిరాకు, తర్వాత అలవాటవుతుంది.

మోకాళ్ల దగ్గర అభిప్రాయాలు నిజంగానే చీలిపోతాయి. సైకిల్ మోకాలి ప్యాడ్లలో చాలావాటికి ఈఎన్ 1621-1 అనే మోటార్ ప్రమాణమే ఉంటుంది, దెబ్బని అవి పీల్చుకుంటాయి. కాలు నేలకి ఆనిన చోట ఉండిపోయి, బండి ముందుకి పోయి, మోకాలు మెలిపడినప్పుడు మాత్రం ప్యాడ్ ఏమీ చేయలేదు, దానికి కీళ్లున్న బ్రేస్ (మోకాలి చుట్టూ బిగించే గట్టి చట్రం) కావాలని ఒక వర్గం అంటుంది. బ్రేస్ ఆపిన బలం తొడ ఎముకకో, కాలి ఎముకకో పోతుందని, అది ఒంటికి సరిగ్గా అమరకపోతే ఉపయోగం తక్కువని రెండో వర్గం అంటుంది. పాత మోకాలి గాయం ఉన్నవాళ్లు బ్రేస్ వైపు, మొదటి నెమ్మది ట్రిప్‌కి వెళ్లేవాళ్లు మంచి ప్యాడ్ల వైపు మొగ్గడం సహజం. మెడ బ్రేస్ గురించీ ఇలాంటి చర్చే నడుస్తోంది.

## చిన్న బండా, పెద్ద బండా, కరెంటు బండా

"త్వరలోనే చిన్నది చాలదు, నేరుగా 450 సీసీ తీసుకో" అనే సలహా రోడ్డు బండి నడిపినవాళ్ల దగ్గర ఎక్కువ వింటాం. రోడ్డు మీద దాంట్లో అర్థం ఉంది. ఇరుకు దారిలో మాత్రం నేర్చుకునేవాళ్ల ప్రతి తప్పునీ 450 పెద్దది చేస్తుంది, పైన చెప్పిన విస్కీ థ్రాటిల్ దానికి మంచి ఉదాహరణ. తక్కువ ఎత్తు సీటు, మెత్తటి శక్తి ఉన్న 125 నుంచి 250 సీసీ ఫోర్ స్ట్రోక్ దారిబండ్లు తప్పుల్ని క్షమిస్తాయి. టూ స్ట్రోక్ తేలికగా ఉంటుంది, కానీ ఎక్కువ రకాల్లో ఇంజిన్ బ్రేకింగ్ తక్కువ.

సర్రాన్ లైట్ బీ లాంటి కరెంటు బండ్లు ఈ చర్చని మార్చాయి. బరువు 50 కిలోల చుట్టుపక్కల, క్లచ్ లేదు, గేర్లు లేవు, వెనక బ్రేకు ఇండియా సైకిల్‌లా ఎడమచేతికే. మౌంటెన్ బైకర్‌కి గంటలో అలవాటైపోతుంది. అయితే అక్కడ పెరిగిన ధీమాతో ఎండ్యూరో బండెక్కితే, ఎడమచేతి అలవాటు మరింత పాతుకుపోయి ఉంటుంది. కరెంటు బండి మీద మట్టి నేర్చుకోవచ్చు, క్లచ్ నేర్చుకోలేం.

## దూరం, పెట్రోల్, సంచిలో ఏముండాలి

ట్యాంకు 8.5 లీటర్లు అనుకుందాం. మంచి మట్టిరోడ్డు మీద లీటరుకి 22 కిలోమీటర్లు వస్తే 187 దాకా వెళ్లొచ్చు. ఇసుక, బురద, నిటారు ఎక్కుళ్లు వచ్చి లీటరుకి 12కి పడిపోతే అదే ట్యాంకు 102 కిలోమీటర్లకి అయిపోతుంది. మూడో వంతు దాచుకోవాలనుకుంటే నమ్మదగినది 68 కిలోమీటర్లే. గుంపులో వెళ్తే అందరికన్నా చిన్న ట్యాంకు ఎవరిదో ఈ లెక్క వాళ్లది. ఇంజిన్ ఉంది కదా అని సైకిల్ దూరానికి నాలుగింతలు వేసుకోవడం మొదటి ట్రిప్‌లో సాయంత్రాన్ని చీకట్లోకి తోస్తుంది.

సైకిల్ మల్టీటూల్‌లో ఎక్కువగా అలెన్ కీలుంటాయి, బండికి 8, 10, 12, 13 మిల్లీమీటర్ల స్పానర్లు కావాలి, పెద్ద టైర్ లివర్లు కావాలి, స్పేర్ క్లచ్, బ్రేక్ లివర్లు కావాలి. స్పేర్‌గా 21 అంగుళాల ట్యూబ్ ఒకటి తీసుకెళ్తే అవసరానికి వెనక 18 అంగుళాల చక్రంలో కూడా మడిచి పెట్టుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. సైకిల్ చేతిపంపు కూడా పనిచేస్తుంది, లావు వాల్వ్‌కి సరిపోయేదైతే చాలు, ఓపిక మాత్రం కావాలి. ఒంటరిగా వెళ్లడం విషయంలో సైకిల్‌ని భుజాన వేసుకుని నడిచి ఇంటికొచ్చిన అనుభవం ఇక్కడ పనికిరాదు. కాలు బండి కింద ఇరుక్కుంటే లేపడానికి రెండో మనిషి ఉండాలి.

## దారిలో ఎవరు ఎవరికి ఆగాలి

మౌంటెన్ బైకర్‌గా మనం నడిచేవాళ్లకి, గుర్రాలకి దారిస్తాం. ఇంజిన్ ఉన్న బండెక్కగానే వరసలో అందరికన్నా చివరికి వెళ్లిపోతాం, సైకిళ్లకి కూడా దారివ్వాల్సింది మనమే. సైకిళ్లకి తెరిచిన దారులన్నీ బండ్లకి తెరిచి ఉండవు, దారి మొదట్లో ఉన్న బోర్డు, బండి పత్రాలు, సైలెన్సర్ శబ్దం మీద అక్కడి నియమాలు ముందే చూసుకోవాల్సి వస్తుంది. వెనక చక్రం ఒక్కసారి గిర్రున తిరిగితే తడిమట్టిలో పడే గాడి, సైకిల్ వారం రోజులు తిరిగినా పడదు. ఎదురుగా ఒక సైకిల్ ఎక్కుడు ఎక్కుతూ వస్తుంటే, అక్కడ కాలు కింద పెట్టాల్సి వస్తే మళ్లీ కదలడం ఎంత కష్టమో మనకి తెలుసు. బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపేసి, వాళ్లు దాటేదాకా నిలబడటానికి పట్టేది అర నిమిషం.